రాజమహల్ సంగీత విశ్వవిద్యాలయం ఎలా అయింది?

భిలాయిలో చదువుకునే పిల్లలకు ఉక్కు కర్మాగారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిందనీ, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారనీ, దేశమంతా పరుగెత్తే రైళ్ల కింద మన ఊరి పట్టాలున్నాయనీ మీరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. 2016లో ఐఐటీ వచ్చిన సంగతి కోచింగ్ సెంటర్ల బోర్డులే రోజూ గుర్తుచేస్తాయి. అయితే ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం నేర్పడానికే పుట్టిన ఒక విశ్వవిద్యాలయం ఉందని మీలో ఎంతమందికి తెలుసు? మా తొమ్మిదో తరగతిలో అడిగితే మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి మంచినీళ్లకు వెళ్లడానికి.

ఆ ఊరు ఖైరాగఢ్. దుర్గ్ దాటి, రాజ్‌నాంద్‌గావ్‌లో పెద్ద రోడ్డు వదిలి ఉత్తరం వైపు తిరిగితే దాదాపు 40 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయం పేరు ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం. కళల కోసమే ఏర్పడిన విశ్వవిద్యాలయాల్లో ఆసియాలోనే మొదటిదని దీన్ని చెప్పుకుంటారు. అది నడుస్తున్న కమల్ విలాస్ మహల్ ఒకప్పుడు ఒక కుటుంబం కాపురమున్న ఇల్లు. ఒక ఇల్లు విశ్వవిద్యాలయంగా ఎలా మారుతుంది? ఇచ్చేస్తే అయిపోతుందా? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇందిర అనగానే అందరికీ ఇందిరా గాంధీ తోస్తుంది. పైగా 1956 అక్టోబర్ 14న ఈ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించింది ఆవిడే. అప్పటికి ఆవిడ ప్రధాని కాదు, ప్రధాని నెహ్రూ కుమార్తె. అందువల్ల ఆవిడ పేరే పెట్టారని చాలామంది అనుకుంటారు. కాని ఈ ఇందిర వేరు. ఖైరాగఢ్ రాజు బీరేంద్ర బహాదుర్ సింగ్, రాణి పద్మావతీ దేవి దంపతుల కూతురు ఆమె. పాటంటే ప్రాణమట. చిన్న వయసులోనే చనిపోయింది.

బిడ్డ పోయిన ఇంట్లో తల్లిదండ్రులు ఏం చేస్తారు? మన వైపు కొందరు గుడికి గంట చేయిస్తారు, కొందరు చలివేంద్రం పెడతారు, కొందరు బడిలో ఏటా ఒక బహుమతి ఇస్తారు. రాజదంపతులు కూతురి పేరు మీద ఒక చిన్న సంగీత పాఠశాల పెట్టారు. అది కళాశాల అయింది. కళాశాల విశ్వవిద్యాలయం కావలసి వచ్చినప్పుడు తమ మహల్‌నే ఇచ్చేశారు. దానం ఒక్కరోజులో జరిగినట్టు కథల్లో కనిపిస్తుంది గాని, నిజానికి అది మెట్లు మెట్లుగా జరిగింది. ముందు ఒక పేరు, తర్వాత ఒక బడి, ఆ తర్వాతే ఇల్లు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, “సార్, ఆ మహల్ కట్టింది రైతులిచ్చిన శిస్తుతోనే కదా, మరి రాజుగారు దానం చేయడమేమిటి?” అన్నాడు. మంచి ప్రశ్న. ఖైరాగఢ్ ఒక చిన్న సంస్థానం. 1948 జనవరి 1న ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు ఇతర సంస్థానాలతో పాటు అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో విలీనమైంది. శిస్తు వసూలు చేసే అధికారం పోయింది. మహల్ మాత్రం సొంత ఆస్తిగా మిగిలింది. ఆ రోజుల్లో దేశం నిండా ఇలాంటి మహళ్లు వందల కొద్దీ ఉన్నాయి. కొన్ని హోటళ్లయ్యాయి, కొన్ని కచేరీలయ్యాయి, కొన్నిటిలో గబ్బిలాలు కాపురం పెట్టాయి. అంత పెద్ద కట్టడానికి ఏటా సున్నం కొట్టించడమే తలకు మించిన ఖర్చు. కాబట్టి ఇది త్యాగమే కాక తెలివైన పని కూడా అని మా ఉద్దేశం. తెలివైన పని అయినంత మాత్రాన దాని విలువ తగ్గదు. ఊరి శిస్తుతో లేచిన గోడలు ఊరి పిల్లల చదువుకు రావడం కంటే న్యాయం ఇంకేముంది?

పక్కనే ఉన్న రాజ్‌నాంద్‌గావ్‌లో కూడా ఇదే జరిగింది. అక్కడి రాజు దిగ్విజయ్ దాస్ మహల్‌లో 1957లో కళాశాల మొదలైంది. ఆ దిగ్విజయ్ కళాశాలలోనే ప్రసిద్ధ హిందీ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958లో అధ్యాపకుడిగా చేరి, ఆ ఆవరణలోనే నివసించారు. మీ హిందీ మాస్టారిని అడగండి, ముక్తిబోధ్ పేరెత్తితే పీరియడ్ అయిపోయేదాకా ఆపరు. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు రాజకుటుంబాలు ఏడాది తేడాతో తమ ఇళ్లను చదువుకు అప్పగించాయి.

ఇప్పుడు అసలు ప్రక్రియకు వద్దాం. ఆస్తి రెండు రకాలు. కదిలించగలిగేది చరాస్తి, కదలనిది స్థిరాస్తి. మన ట్రంకుపెట్టెలు, సైకిళ్లు, కూలర్లు చరాస్తి. భూమీ ఇల్లూ స్థిరాస్తి. (మన ఇళ్లలో మొదటి రకమే ఎక్కువ. రెండో రకం తాతగారి ఊళ్లో ఉంటుంది, లేదా ఇంకా లోను దశలో ఉంటుంది.) స్థిరాస్తిని దానం చేయాలంటే నోటిమాట చాలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దానపత్రం రాయాలి, దాత సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి, దాన్ని రిజిస్టరు చేయించాలి. ఇంకో ముఖ్యమైన షరతుంది. దాత బతికుండగానే పుచ్చుకునేవారు దాన్ని స్వీకరించాలి. ఇచ్చేవారికి ఇవ్వాలని ఉన్నంత మాత్రాన సరిపోదు, పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి. వీలునామాకూ దానపత్రానికీ తేడా ఇక్కడే. వీలునామా రాసినవారు బతికున్నంతకాలం దాన్ని మార్చుకోవచ్చు, అది అమలయ్యేది వారు పోయాకే. దానపత్రం రిజిస్టరయ్యాక, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం సాధారణంగా కుదరదు. రేపటి నుంచి ఆ ఇంటి తాళం చెవి ఇంకొకరి జేబులో ఉంటుంది.

అంతా అయ్యాక మన చేతిలో ఉన్నది ఒక భవనం మాత్రమే. అది విశ్వవిద్యాలయం కాదు. ఎంత గొప్ప మహల్‌లో ఎంత గొప్ప గురువు నేర్పినా, డిగ్రీ ఇచ్చే అధికారం దానంతట అది రాదు. పార్లమెంటో రాష్ట్ర శాసనసభో చట్టం చేయాలి. డిగ్రీలు ఎవరివ్వవచ్చో స్పష్టంగా చెప్పిన యూజీసీ చట్టం కూడా 1956లోనే వచ్చింది. ఖైరాగఢ్ కోసం అదే ఏడాది ప్రత్యేకంగా ఒక రాష్ట్ర చట్టం తయారైంది. దాని ప్రకారం రాష్ట్ర గవర్నర్ కులపతి, రోజువారీ పాలన చూసేవారు ఉపకులపతి. అంటే ఏమిటి? మహల్ ఇచ్చిన కుటుంబం ఇక యజమాని కాదు. ఏ పాఠ్యప్రణాళిక ఉండాలో, ఎవరిని అధ్యాపకులుగా తీసుకోవాలో తేల్చేది చట్టం ప్రకారం ఏర్పడిన సభలు. దానం చేయడంలో కష్టమైన భాగం ఇదేనని మాకు అనిపిస్తుంది. గోడలు ఇవ్వడం ఒక ఎత్తు, మాట చెల్లే హక్కు వదులుకోవడం ఇంకో ఎత్తు. రాణి పద్మావతీ దేవి తర్వాతి కాలంలో మధ్యప్రదేశ్ మంత్రివర్గంలో పనిచేశారు, రాజ్‌నాంద్‌గావ్ నుంచి లోక్‌సభకూ ఎన్నికయ్యారు.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. దాతలు ఒకసారి ఇస్తారు, జీతాలు నెలనెలా ఇవ్వాలి. కాబట్టి ప్రభుత్వ నిధులు లేకపోతే ఏ దానమూ నాలుగేళ్లు నిలవదు.

భవనం సంగతి మాత్రం అంత తేలిక కాదు. ఇల్లు ఇంట్లోవాళ్ల కోసం కడతారు. దర్బారు హాలు కొలువు కోసం కడతారు. అక్కడ సంగీతం నేర్పాలంటే ఏమవుతుందో ఆలోచించండి. ఎత్తయిన కప్పు కింద ఒకరు పాడితే గొంతు నిండుగా మోగుతుంది. అదే గదిలో ఎనిమిదిమంది సాధన చేస్తే ఎవరి స్వరం ఎవరిదో తెలియదు. పక్కపక్క గదుల్లో ఒకచోట తబలా, ఒకచోట సితార్ మొదలైతే గోడలు మందంగా ఉండబట్టి సరిపోతుంది గాని, మన క్వార్టర్ల గోడలైతే ఆ పూట అంతే సంగతులు. నాట్యానికి అడుగు పడే నేల సమంగా ఉండాలి. శిల్పానికి నీళ్లు, మట్టి, దుమ్ము తప్పవు కనుక కింది అంతస్తు కావాలి. అచ్చు చిత్రాలు తీసే యంత్రాల బరువును పాత మేడ మీద పెట్టలేం. అందుకే దానంగా వచ్చిన ఏ భవనం చుట్టూ అయినా కొన్నేళ్లలో కొత్త కట్టడాలు లేస్తాయి. మధ్యలో పాత ఇల్లు గుండెలా ఉంటుంది, పని చాలావరకు చుట్టుపక్కల జరుగుతుంది.

గోడలు సిద్ధమయ్యాక గురువులు రావాలి. ఆ రోజుల్లో ఖైరాగఢ్ రైలుమార్గం లేని చిన్న ఊరు. అక్కడికి పెద్ద విద్వాంసులు ఎందుకొస్తారు? అయినా వచ్చారు. ప్రారంభ కాలంలో ఉపకులపతిగా ఉన్నది పండిట్ శ్రీకృష్ణ నారాయణ్ రతన్‌జంకర్. హిందుస్తానీ రాగాలను సేకరించి, వర్గీకరించి పుస్తకాలకెక్కించిన భాత్‌ఖండేగారికి ఆయన ముఖ్య శిష్యుడు. లక్నోలో సంగీత కళాశాలను ఎన్నో ఏళ్లు నడిపిన మనిషి. గురువు ఎదుట కూర్చుని నేర్చుకునే విద్యను తరగతి గదిలో, టైంటేబులు పెట్టి, పరీక్ష రాయించి నేర్పవచ్చునా అన్న వాదం అప్పట్లో గట్టిగా ఉండేది. ఇప్పటికీ తేలలేదు. మార్కులు వేసే వృత్తిలో ఉన్నవాళ్లం కనుక మేం ఒకటి చెప్పగలం. గమకానికి పదికి ఏడున్నర వేయడం వ్యాకరణానికి వేసినంత సులువు కాదు. అయినా విశ్వవిద్యాలయం రావడం వల్ల ఒక మేలు జరిగింది. సంగీత కుటుంబంలో పుట్టనివాళ్లకూ తలుపు తెరుచుకుంది. గురువుగారింట్లో ఏళ్ల తరబడి ఉండే వీలు లేని గుమాస్తా గారి అమ్మాయి కూడా ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి నేర్చుకోవచ్చు.

ఇంకో మేలు మనలాంటివాళ్లకు మరీ దగ్గరది. మీలో చాలామంది ఒక ఊళ్లో వీణో కూచిపూడో మొదలుపెట్టి, బదిలీ కాగితం రాగానే మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లే. కొత్త ఊళ్లో ఆ గురువు ఉండరు, ఆ బాణీ ఉండదు, మళ్లీ సరళీస్వరాల నుంచి మొదలు. మా సహోద్యోగుల పిల్లల్లో మూడు ఊళ్లలో మూడుసార్లు “స రి గ మ” దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాం. ఖైరాగఢ్‌కు ఇతర రాష్ట్రాల్లోనూ అనుబంధ కళాశాలలు ఉన్నాయి. ఒకే పాఠ్యక్రమం, ఒకే పరీక్ష అనేక ఊళ్లలో నడిస్తే విద్య కూడా మనతో పాటు పెట్టెలో సర్దుకుని ప్రయాణం చేయగలదు. పూర్తిగా కాకపోయినా కొంతవరకు.

బదిలీ అంటే గుర్తొచ్చింది. ఈ విశ్వవిద్యాలయానికీ బదిలీలు తప్పలేదు, అదీ కూర్చున్న చోటు నుంచి కదలకుండా. 1956 అక్టోబర్ 14న అది మొదలైనప్పుడు ఆ ప్రాంతం పాత మధ్యప్రదేశ్‌లో ఉండేది, రాజధాని నాగపూర్. సరిగ్గా పద్దెనిమిది రోజులకు, నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజే అది. నాగపూర్ బొంబాయి రాష్ట్రానికి పోయింది, ఖైరాగఢ్ కొత్త మధ్యప్రదేశ్‌లో పడింది, రాజధాని భోపాల్ అయింది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయింది. జిల్లాలు చూస్తే మొదట దుర్గ్, 1973 నుంచి రాజ్‌నాంద్‌గావ్, 2022 నుంచి ఖైరాగఢ్-ఛుయీఖదాన్-గండయీ. మూడు రాజధానులు, మూడు జిల్లాలు. మీలో ఎవరికైనా ఇన్ని టీసీలు ఉన్నాయా?

అక్కడ నేర్పే విషయాల్లో మాకు బాగా నచ్చినది జానపద విభాగం. శాస్త్రీయ గానం, కథక్, భరతనాట్యం ఉండటం సహజమే. కాని ఛత్తీస్‌గఢ్ పల్లెల పాటకు కూడా విశ్వవిద్యాలయంలో ఒక గది దొరకడం చిన్న విషయం కాదు. ఈ నేల పండ్వానీకి పుట్టిల్లు. చేతిలో తంబూరా పట్టుకుని, దాన్నే ఒకసారి భీముడి గదగా, ఒకసారి అర్జునుడి విల్లుగా తిప్పుతూ మహాభారతం చెప్పే కథ అది. మన బుర్రకథ చూసినవారికి వెంటనే చుట్టరికం తెలుస్తుంది. పండ్వానీని ప్రపంచమంతా వినిపించిన తీజన్ బాయి మన భిలాయి పక్కనున్న గనియారీ ఊరివారు, మన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసినవారు, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నవారు. ఆమె ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్చుకోలేదు. ఛత్తీస్‌గఢీ జానపద గాయని మమతా చంద్రాకర్ మాత్రం ఖైరాగఢ్‌లోనే చదివారు. 2016లో పద్మశ్రీ పొందారు, 2020లో అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఒకప్పుడు రాజుగారి ఇల్లుగా ఉన్న చోటికి పల్లెపాట పాడే ఆమె పెద్దగా వెళ్లింది. దానపత్రం రాసిన రోజున ఎవరైనా ఊహించారో లేదో.

మన తెలుగు నేల మీద ఇలాంటి ఇల్లు ఏదని మీరు అడగవచ్చు. హైదరాబాద్‌లో, నాంపల్లి దగ్గర ఉంది. పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నివసించిన ఇల్లు అది. ఆయన నిజాం కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. 1905లో వచ్చిన సరోజినీ నాయుడి తొలి కవితా సంపుటి పేరే ఇంటికీ నిలిచింది. ఆమె కుమార్తె పద్మజా నాయుడు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు. కుటుంబం తరఫున ఆ ఇల్లు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఇక్కడ చట్టం దారి వేరు. రాష్ట్ర శాసనసభ కాదు, పార్లమెంటు. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పడానికి రాజ్యాంగంలో 371-ఇ అని ఒక అధికరణమే చేర్చారు. 1974లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. గచ్చిబౌలిలో పెద్ద ప్రాంగణం సిద్ధమయ్యేలోపు తొలి అడుగులు ఈ పాత ఇంట్లోనే పడ్డాయి. 1988లో సరోజినీ నాయుడు పేరుతో నాటకం, నాట్యం, చిత్రకళ, ప్రసార మాధ్యమాలు నేర్పే విభాగం ఆ ఇంటిలోనే నడిచి, తర్వాత గచ్చిబౌలికి వెళ్లింది. ఖైరాగఢ్‌లో ఇల్లు చుట్టూ విశ్వవిద్యాలయం పెరిగింది. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయం పెరిగి, ఇల్లు విడిచి వెళ్లింది. రెండో దాంట్లో కాస్త దిగులు ఉంది. నగరం నడిబొడ్డున ఇరుకైన చోట ఉన్న ఇంటికి అంతకంటే భారం మోయడం సాధ్యం కాదని ఒప్పుకోవాలి.

విజయనగరం పిల్లలు అలగకుండా వారి ఊరినీ చెప్పాలి. భిలాయి తెలుగు కుటుంబాల్లో విజయనగరం, శ్రీకాకుళం వారే ఎక్కువ మరి. 1919లో విజయరామ గజపతి మహారాజు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యులు, ఘంటసాల అక్కడి విద్యార్థి. 1958లో పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరుతో మాన్సాస్ అనే ట్రస్టు స్థాపించి, కోటను విద్యాసంస్థల కోసం ఇచ్చారు. ఖైరాగఢ్‌లో కూతురి పేరు, విజయనగరంలో తండ్రి పేరు.

చివరిగా పన్నెండో తరగతి వారికి పనికొచ్చే మాట. ఖైరాగఢ్‌లో ఇంటర్మీడియట్ స్థాయి తర్వాత గానం, వాద్యం, నాట్యాలకు బీపీఏ, చిత్రకళ, శిల్పాలకు బీఎఫ్ఏ కోర్సులున్నాయి. ఆపైన పీజీ, పరిశోధన కూడా ఉన్నాయి. శ్రీలంక నుంచి కూడా విద్యార్థులు వచ్చి చదువుతారు. మనకు దుర్గ్ స్టేషన్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ అరగంట రైలు, అక్కడి నుంచి బస్సు. ఆదివారం కాకుండా పనిదినం చూసి వెళ్లండి. తరగతులు నడుస్తున్నప్పుడు ఆవరణలో నడిస్తే, ఏ కిటికీ దగ్గర ఏ రాగమో పోల్చుకోవడం మంచి ఆట.